గోడ మీది నీళ్ళ గీత

మా ఇంట్లో గోడలకు సున్నం వేసే రోజు నేను ఇంట్లో ఉండను. ఏదో ఒక వంక పెట్టుకుని పురసవాక్కం బజారుకు పోయి, కొనని జాకెట్టు గుడ్డల ధరలన్నీ అడిగి, పొద్దు వాలినాక వస్తాను. అత్తకు సున్నం వాసన పడదని కోడళ్ళు అనుకుంటారు. నేనూ అదే నిజమన్నట్టు ఊరుకున్నాను. వాసన కాదు సంగతి.

అప్పుడు మేము పెరంబూరులో కాలువ గట్టున ఉండేవాళ్ళం. రైలు పెట్టెల ఫ్యాక్టరీ కొత్తగా లేస్తున్న రోజులవి. మా ఆయనకు పాత వర్క్‌షాపులో ఫిట్టరు పని. క్వార్టర్సు దొరకని వాళ్ళందరూ కాలువ వెంబడి వరసగా ఇళ్ళు కట్టుకున్నారు. మట్టి గోడలు, పైన పెంకులు. ఇరవైకి పైగా గడపలు. అందులో సగం మందిమి ఏ తాతల కాలంలోనో వచ్చి అరవదేశంలో పాతుకుపోయిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ.

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది. మూడు రోజులు విడవలేదు. నాలుగో రోజు తెల్లవారి నేను పొయ్యి రాజేస్తుంటే బూడిద కదిలింది. ఎందుకు కదిలిందా అని చూస్తే, దొడ్డి తలుపు కింద నుంచి నీళ్ళు సద్దు లేకుండా వస్తున్నాయి. వీధి గుమ్మం ఇంకా పొడిగానే ఉంది. నేను పిల్లను ఎత్తుకున్నాను, మా అత్త బియ్యం డబ్బా ఎత్తుకుంది. మేము బడి వరండాకు చేరేసరికి వీధిలో మోకాలి లోతు. మధ్యాహ్నానికి మా ఇంట్లో నీళ్ళు దీపం గూడు దాకా వచ్చాయి. దీపం గూడంటే గోడలో తొలిచిన చిన్న అర. నేను నిలబడితే నా గుండెల ఎత్తున ఉండేది.

బడి వరండాలో ఐదు రోజులున్నాం. కింద చెమ్మ, ఒంటి మీద ఆరని గుడ్డలు. నా పిల్లకు ఎనిమిది నెలలు. ఆడపిల్ల. జ్వరం తగిలింది. ఇంటికి తిరిగొచ్చిన మూడో నాడు పోయింది. మా పక్కింటి అవ్వ పూలు కట్టి అమ్ముకునే ఒంటరి మనిషి. ఆ రోజు అమ్మడానికి కట్టిన మల్లె దండలన్నీ తెచ్చి పిల్ల మీద కప్పింది. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

నీళ్ళు తీసినాక గోడల మీద గీత మిగిలింది. కింద బురద రంగు, పైన పాత తెలుపు, మధ్యలో ఎవరో బద్ద పెట్టి గీసినట్టు గోధుమ రంగు గీత, దీపం గూడు కింది అంచును తాకుతూ నాలుగు గోడలూ చుట్టింది. పిల్ల ఉయ్యాల వేలాడింది సరిగ్గా ఆ ఎత్తునే. ఉయ్యాల విప్పేశాం, దూలానికి కొక్కెం అట్లాగే ఉంది. పొద్దున లేస్తే మొదట కనబడేది ఆ గీతే.

మగవాళ్ళు కూడి, మళ్ళీ వాన వచ్చేలోపల గట్టు ఎత్తు చేయించాలని మహజరు రాసుకుని గవర్మెంటు ఆఫీసుకు పోయారు. అప్పటికి ఆంధ్ర వేరుపడి ఎక్కువ కాలం కాలేదు. అక్కడి గుమస్తా వీళ్ళ పేర్లు చూసి, మీ రాష్ట్రం మీకు వచ్చేసింది కదా, గట్టు కూడా అక్కడే అడగండి అన్నాడట. మా ఆయన, మా నాయనమ్మ పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే అని చెప్పబోతే, కాయితం చేతికిచ్చి పంపేశాడు. బయట బంట్రోతు జాలిపడి దారి చెప్పాడు. ఏడుపు రాస్తే ఫైలు కదలదు. ప్లాను కావాలి, అంచనా కావాలి. గ్రాంటు ఉంది కానీ దాన్ని అడిగే తీరు వేరు. తెలిసినవాళ్ళ చేత రాయించుకోండి అని.

ఆ సంగతి మా ఆయన అన్నం తింటూ చెబితే మా అత్త చెయ్యి ఆగింది.

“ఒప్పారి ఏడవను ఆళ్ళని పిలిచినట్ట, దీనికీ పిలవల్నా?” అంది. ఒప్పారి అంటే చావింట్లో కూలికి వచ్చి పాడే ఏడుపు.

“పిలవాల్సిందేనమ్మా. మనం ఏడిస్తే వాళ్ళకు అర్థం కాదంట,” అన్నాడు మా ఆయన.

అట్లా వచ్చాడు ఆయన. పురసవాక్కంలో ఉండే పెద్దాయన, చిత్తూరు వైపు మనిషి. చెరువులకూ కాలువలకూ ఓవర్సీరుగా చేసి పింఛను పుచ్చుకుంటున్నాడు. వరద ముంచిన ఊళ్ళకు పోయి ప్లాను వేసి, గ్రాంటు అర్జీ రాసిపెట్టేవాడు. ఆయన అడిగింది బస్సు చార్జీ, వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం. భోజనానికి మేము ఇంటింటికీ వంతులు వేసుకున్నాం. ఆయన పేరు అందరికీ తెలిసినా ఎవరూ పలకలేదు. ప్లానాయన అనేవాళ్ళం.

సన్నటి మనిషి. నల్ల గొడుగు, గుడ్డ టేపు, సంచిలో ఒక నోటుబుక్కు. మొదటి రోజు ఆయన ఏమీ కొలవలేదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, నీళ్ళు ముందు ఎక్కడ వచ్చాయి, ఏ పొద్దుకు వచ్చాయి, ఎట్లా తీశాయి అని అడిగాడు. మగవాళ్ళంతా కాలువ పొంగింది, గట్టు తెగింది అని ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఆయన రాసుకున్నాడు. అవ్వ తన గుమ్మంలో పూలు కడుతూ ఉండి, తల ఎత్తకుండానే అందుకుంది.

“కాలువ మీద ఎందుకు నాయనా నింద? ఆ రోడ్డు కింద తూముండాది చూడు, అది ఇంతే. నీళ్ళని మింగలేక ఎనక్కి కక్కింది. మాకు ఎనక దొడ్లోనించే వచ్చినాయి.”

“నువ్వు చూస్తివా అవ్వా?”

“చూస్తి. ఈళ్ళెవురూ చూళ్ళేదు, ఈళ్ళు వర్క్‌షాపులో ఉండారు. రైలుకి చక్రం బిగిస్తా ఉండారు, ఇంట్లో పొయ్యి తేలిపోతా ఉండాది.”

మగవాళ్ళు నవ్వారు. ప్లానాయన నవ్వలేదు. రాసినదాన్ని కొట్టేసి, అవ్వ పక్కన తిన్నె మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి రాశాడు. మా ఇంట్లో బూడిద కదిలిన సంగతి కూడా అత్త చేత చెప్పించుకున్నాడు. ప్లానులో గట్టు ఎత్తడంతో పాటు తూము పెద్దది చేయడం చేరింది అవ్వ మాట మీదనే.

గ్రాంటుకు ఒక షరతు ఉంది. సగం పని జనం చేస్తామని రాసివ్వాలి. ఇంటికి ఇన్ని తట్టల మట్టి అని ఒప్పుకుని అందరూ సంతకాలు పెట్టారు. అవ్వ వంతు వచ్చినప్పుడు తన వేళ్ళు చూపించింది. పూలు కట్టి కట్టి ఆ వేళ్ళు వంగిపోయి ఉండేవి. తట్ట మొయ్యలేను, మోసేవాళ్ళకు మజ్జిగ ఇస్తాను, అదే రాయమంది. మగవాళ్ళలో ఎవరో మజ్జిగతో గట్టు నిలబడుతుందా అన్నారు. ప్లానాయన అదే రాసి, కింద అవ్వ చేత వేలిముద్ర వేయించాడు.

మా ఇంటి వంతు భోజనం రోజు ఆయన చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చాడు. నన్ను పొయ్యిలోంచి ఒక బొగ్గు ముక్క అడిగాడు. దీపం గూడు దగ్గర నీళ్ళ గీత పక్కన చిన్న గుర్తు పెట్టి, నేల నుంచి ఎన్ని అడుగులో రాశాడు. ప్రతి ఇంట్లోనూ అట్లాగే రాశాడు. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగాడు.

“గోడ ముట్టుకోవద్దు తల్లీ,” అన్నాడు.

సరేనన్నాను. అప్పటికి వారం కిందట వీధి చివర ఒక నానిన గోడ మేక మీద కూలింది. మా గోడలు కూడా పచ్చిగా ఉన్నాయి, చెయ్యి పెడితే పడతాయని చెబుతున్నాడనుకున్నాను. అవ్వకు కూడా పోయి చెప్పాను, గోడకు ఆనుకోవద్దు, ప్లానాయన చెప్పాడు అని. ఎందుకని ఆయనను నేను అడగలేదు. పరాయి మగవాడిని ఎదురు అడగడం మా ఇళ్ళలో లేదు. ఆయనా చెప్పలేదు. మగవాళ్ళను తిన్నె మీద కూర్చోబెట్టి మాత్రం చాలాసేపు విడమరిచి చెప్పాడట. ఆ గీతే మీ సాక్షి, ఆఫీసరు వచ్చి దాన్ని కళ్ళారా చూస్తేనే కాయితానికి బలం, అంతదాకా చెరగనివ్వకండి అని. మా ఆయన ఆ మాట విని ఇంటికి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు.

ఆ సంక్రాంతికి వీధిలో ఎవరూ సున్నం వేయలేదు. మగవాళ్ళు వద్దన్నారు. గోడలు ఆరలేదు కాబట్టి వద్దంటున్నారని మేము అనుకున్నాం. మాకైతే ఆ ఏడు పండగే లేదు.

అర్జీ పోయింది. ప్లానాయన పదిహేను రోజులకొకసారి వచ్చి ఫైలు ఏ బల్ల మీద ఉందో చెప్పి పోయేవాడు. ఎండాకాలం వచ్చింది. వాళ్ళ అన్నగారు పోయారని ఆయన చిత్తూరు వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం కార్డు వచ్చింది. మా ఆయన చదివి, మొహం విప్పారి, రేపు మధ్యాహ్నం ఆఫీసరు స్థలం చూడ్డానికి వస్తున్నాడన్నాడు. ఇరుగుపొరుగు మగవాళ్ళకు చెప్పి వచ్చాడు. తెల్లవారి షిఫ్టుకు పోతూ గుమ్మంలో ఆగి నాతో అన్నాడు, “వీధంతా చక్కగా పెట్టండి. అన్నిళ్ళల్లో చెప్పు.”

చెప్పాను. ఆడవాళ్ళం కూడాం. గవర్మెంటు మనిషి వస్తుంటే ఈ బురద గోడలు చూపిస్తామా, మానం పోదా అని ఒకామె అంది. అందరికీ అదే అనిపించింది. పెళ్ళివారు వస్తే అలుకుతాం, పురోహితుడు వస్తే అలుకుతాం, గట్టు ఇచ్చే మనిషి వస్తే అలకమా? గుల్ల సున్నం తెప్పించి పెద్ద కాగులో నానబెట్టాం. అది కుతకుత ఉడుకుతుంటే నీలిమందు కలిపాం. ఆ పొద్దు వీధిలో పండగలాగా ఉంది. చాలా రోజులకు నవ్వులు విన్నాను.

వీధి గోడలు వేస్తే చాలు. లోపలి గోడలు ఎవరు చూస్తారు? నేను లోపల కూడా వేశాను. దీపం గూడు కింద రెండు పూతలు వేశాను. ఒక్క పూతకు గీత పూర్తిగా పోలేదు, పచ్చటి నీడలాగా కనబడింది. అది ఆరేదాకా ఆగి రెండో పూత వేశాను. బొగ్గు గుర్తు కూడా పోయింది. మా ఇల్లు తెల్లగా అయిపోవడం చూసి ఎదురింటి ఆమె కూడా లోపల సున్నం కొట్టింది, ఆమెను చూసి ఇంకొకామె. గోడలు ఎండిపోయాయి కదా, ఇక ముట్టుకుంటే ఏమి అనుకున్నాను.

అవ్వ వద్దంది. “వేండాం లేమ్మే, నా గోడకేంటికి సింగారం? దానికేమన్నా పెండ్లా?”

నేను వినలేదు. లోపలా బయటా నేనే వేశాను. పని అయినాక అవ్వ తిన్నె మీద కూర్చుని, ఇప్పుడు ఆనుకోవచ్చు గదా అని గోడకు వీపు ఆనించింది. లేచేసరికి చీర వెనక అంతా తెలుపు. నేను కొంగుతో దులుపుతూ నవ్వాను. ఆమె కూడా నవ్వింది. పిల్ల పోయినాక నేను పైకి నవ్వింది అదే మొదలు.

మధ్యాహ్నం మగవాళ్ళు ఆఫీసరును వెంటబెట్టుకుని వచ్చారు. వీధి మలుపులో, అందరికంటే ముందు నడుస్తున్న మా ఆయన నిలబడిపోయాడు. ఆయన మొహం చూసి ఎండ దెబ్బ తగిలిందేమోనని నేను చెంబుతో నీళ్ళు తీసుకుని ఎదురుపోయాను. ఆయన నీళ్ళు తీసుకోలేదు. మా ఇంట్లోకి పోయి దీపం గూడు వైపు చూసి, బయటికి వచ్చి, మెల్లగా అడిగాడు.

“ఎవురు కొట్టమన్నారు?”

“నువ్వే గదా, చక్కగా పెట్టమంటివి.”

ఆయన ఆఫీసరు దగ్గరికి పోయాడు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. చిన్న వయసు, ఎండలో వచ్చి అలసిపోయి ఉన్నాడు. వీధి నిండా ముగ్గులు, తెల్లటి గోడలు, మెడలో మేము వేసిన దండ. నీళ్ళు ఎంతదాకా వచ్చాయని అరవంలో అడిగాడు. ఒకరు నడుము చూపించారు, ఒకరు భుజం, ఒకరు తల మీదికి చెయ్యి ఎత్తారు. అందరూ నిజమే చెప్పారు. ఎవరి ఇల్లు ఎంత పల్లంలో ఉంటే అంత. కానీ వినేవాడికి ఎట్లా ఉంటుంది? ఆయన నాలుగిళ్ళలోకి తొంగి చూశాడు. మా ఆయన దీపం గూడు కింద వేలు పెట్టి, సార్ ఈడిదాకా అన్నాడు. వేలికి తడి సున్నం అంటింది. ఆఫీసరు ఆ వేలిని చూసి నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. పోతూ పోతూ, వీధి చాలా శుభ్రంగా పెట్టుకున్నారని మెచ్చుకున్నాడు.

నెల దాటినాక జవాబు వచ్చింది. ముంపు ఆనవాళ్ళు కనబడలేదు, వచ్చే ఏటి జాబితాలో పరిశీలిస్తాం అని.

ప్లానాయన చిత్తూరు నుంచి వచ్చి జవాబు చదివి మా ఇంట్లోకి వచ్చాడు. ఆ జవాబు చూసినాక మా ఆయన నాతో మాట్లాడక అప్పటికి రెండు రోజులు. ప్లానాయన తడి గుడ్డ అడిగి తీసుకుని, గోడను ఒకచోట రుద్ది చూశాడు. సున్నం గట్టిపడింది, రాలేదు. గుడ్డ మడిచి గూట్లో పెట్టాడు.

“నేను నీకు సగం మాటే చెప్పినాను తల్లీ,” అన్నాడు. “మగోళ్ళకు చెప్పినంత నీకూ చెప్పుంటే పోయేది.”

ఆయన తప్పంతా తన మీద వేసుకుంటుంటే నేను ఊరుకోలేకపోయాను. మా అత్తకు, మా ఆయనకు చెప్పని మాట ఆయనకు చెప్పాను.

“చెప్పున్నా కొట్టేదాన్నేమో నాయనా. ఆ గీత చూడలేకపోతి.”

ఆయన తల ఎత్తి దూలానికున్న కొక్కెం చూశాడు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా ఆఫీసు చుట్టూ తిరిగాడు. అర్జీ మళ్ళీ రాశాడు. మేము భోజనానికి పిలిస్తే ఆకలి లేదనేవాడు. వాన మాత్రం జాబితా కోసం ఆగదు కదా.

ఐప్పసి వచ్చింది. అరవంవాళ్ళకు వానల నెల. ఈసారి మేము జాగ్రత్తగా ఉన్నాం. బూడిద కదలకముందే సామాన్లు కట్టి బడికి పంపించాను. మా అత్తను దించి, అవ్వను తీసుకుపోవడానికి వెనక్కి వచ్చాను. పొద్దున ఎనిమిది గంటలై ఉంటుంది. వీధిలో నీళ్ళు చీలమండల దాకానే ఉన్నాయి. అవ్వ తన గదిలో పీట మీద కూర్చుని, గోడకు ఆనుకుని పూలు కడుతోంది. ఈ మూర ఒకటి అయిపోనీ, తడిస్తే పాడైపోతాయి అంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. గోడ తెల్లగా ఉంది. వట్టి మట్టి గోడ నానితే నల్లబడి ముందే చెబుతుంది, సున్నం కొట్టిన గోడ చెప్పదు. వెనక దొడ్డిలో నీళ్ళు ఎప్పటి నుంచి తాగుతోందో ఏమో, అవ్వ దారం పళ్ళతో కొరుకుతుండగా గోడ మొత్తం ఆమె మీదికి ఒరిగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

నేను చేతులతో తవ్వాను. ఎదురింటి ఆమె వచ్చింది, ఇంకా ఎవరెవరో వచ్చారు. బయటికి తీసేసరికి అయిపోయింది. జుట్టు నిండా, మొహం నిండా సున్నం పెళ్ళలు. నేను కొంగుతో దులిపాను.

శ్మశానానికి ప్లానాయన వచ్చాడు. గొడుగు చేతిలో ఉన్నా విప్పకుండా వానలో దూరంగా నిలబడ్డాడు.

నీళ్ళు ఈసారి మా ఇంట్లో దీపం గూడుకు బెత్తెడు కిందికే వచ్చి ఆగాయి. తీసినాక నేను ఇంట్లోకి అడుగు పెట్టి చూస్తే, నీళ్ళలో నానినంత మేర నా సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడి నేల మీద పడి ఉంది. ఆ పైన చెమ్మ ఎక్కిన చోట కూడా బొబ్బలు కట్టి రాలింది. కొత్త గీత ఒకటి ఉంది. దానికి బెత్తెడు పైన, నేను రెండు పూతలు వేసి కప్పిన పాత గీత, దాని పక్కన బొగ్గు అంకెలు సగం చెరిగి బయటపడ్డాయి.

ప్లానాయన వచ్చి రెంటినీ చూశాడు. ఈసారి నన్ను తలుపు చాటు నుంచి ఇవతలికి పిలిచాడు. వీధిలో ఆడవాళ్ళందరినీ పిలవమన్నాడు. గీత ఎందుకో, ఆఫీసరు ఏమి అడుగుతాడో, ఏమని చెప్పాలో, ఏది ముట్టుకోకూడదో, అన్నీ మా తిన్నె మీద కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన పక్కన అవ్వ తిన్నె ఉండిన చోట మట్టికుప్ప ఉంది. చెప్పడం అయినాక పొయ్యిలోంచి బొగ్గు తెప్పించి నా చేతికే ఇచ్చాడు.

“నువ్వే గియ్యి,” అన్నాడు.

పాత గీత వెంబడే గోడ పొడుగునా గీశాను. గీత వంకర పోయింది. పరవాలేదన్నాడు.

తర్వాత గట్టు వచ్చింది. తూము కూడా పెద్దది చేశారు. మా వంతు తట్టలు నేనూ మోశాను. అవ్వ ఒప్పుకున్న మజ్జిగ నేనే చేసి గట్టు మీదికి తీసుకుపోయాను. మళ్ళీ మా వీధిలోకి నీళ్ళు రాలేదు. ఒక్క వానాకాలం ముందు వచ్చి ఉండాల్సిన గట్టు అది.

దానికి ముందు స్థలం చూడ్డానికి ఇంకొక ఆఫీసరు వచ్చాడు. పెద్ద వయసాయన. ఆ పొద్దు వీధిలో ముగ్గు లేదు, దండ లేదు. నేను వాకిలి కూడా చిమ్మలేదు. ఆయన మా ఇంట్లోకి వచ్చి, టేపు పట్టించి, రెండు గీతలూ కొలిపించాడు. నమ్మకం కోసమేమో, పాత గీత మీద వేలు పెట్టి గోడ పొడుగునా ఒకసారి నడిపాడు. ఉయ్యాల ఉండే చోటు దాటి, దీపం గూడు దాకా. వేలి కొన నల్లగా అయింది. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు. నేను దొడ్లోకి తీసుకుపోయి చెంబుతో పోశాను. బొగ్గు ఒక పట్టాన పోలేదు. ఇంకొక చెంబు తెచ్చి పోశాను.